ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలతో క్రూజ్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పాపకు 14 నెలలప్పుడు ఒకసారి, రెండున్నరేళ్లప్పుడు ఇంకోసారి క్రూజ్‌కి వెళ్లొచ్చాం. అప్పటి నుంచి చిన్నపిల్లలున్న తెలిసినవాళ్లంతా అవే సందేహాలు అడుగుతున్నారు. డైపర్‌తో పూల్‌లో దిగనిస్తారా, ఓడ ఊగితే పిల్లలు తట్టుకుంటారా, బాల్కనీ ఉన్న గది తీసుకోవచ్చా అని. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, మొదటి నుంచి చదవక్కర్లేదు. కంపెనీల నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు మీరు ఎక్కబోయే ఓడ నియమాలు మాత్రం వాళ్ల సైట్‌లో ఒకసారి చూసుకోండి.

## బుక్ చేసే ముందు

ఎన్ని నెలలు నిండితే ఓడ ఎక్కనిస్తారు?

చాలా కంపెనీల్లో 6 నెలలు నిండాలి. వరుసగా 3 రోజులు, ఆపైన ఎక్కడా ఆగకుండా సముద్రం మీదే సాగే ప్రయాణాలకు, అంటే అట్లాంటిక్ దాటేవి, హవాయి వెళ్లేవి లాంటివాటికి, 12 నెలలు నిండాలంటారు. నడిసముద్రంలో పసిబిడ్డకు జబ్బు చేస్తే పెద్దాసుపత్రికి చేర్చడం కష్టం కాబట్టి ఈ నియమం పెట్టారు. వయసు లెక్క బుక్ చేసిన రోజుకు కాదు, ఓడ బయల్దేరే రోజుకు చూస్తారు. వర్జిన్ వాయేజెస్, వైకింగ్ ఓడల్లోకైతే 18 ఏళ్లు నిండినవాళ్లనే రానిస్తారు.

ఈ వయసులో తీసుకెళ్తే వాళ్లకేం గుర్తుంటుంది, డబ్బు దండగ కదా?

వాళ్లకు గుర్తుండదు, నిజమే. కానీ ఈ వయసు పిల్లలతో చేసే ప్రయాణాల్లో నన్ను అడిగితే క్రూజే తేలిక. ఊరు మారినప్పుడల్లా పెట్టెలు విప్పి సర్దే పని లేదు, వంట లేదు, నిద్రొస్తే గది రెండు నిమిషాల దూరంలో ఉంటుంది, డైపర్ మార్చడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. రోజంతా ఏదో ఒకటి చూసెయ్యాలని, రాత్రి ప్రతి షోకీ వెళ్లాలని అనుకునేవాళ్లు మాత్రం ఇంకో రెండేళ్లు ఆగడం మంచిది, ఎందుకంటే ఓడలో మీ రోజు బిడ్డ నిద్రవేళల ప్రకారమే నడుస్తుంది. దానికి సిద్ధపడి వెళ్తే హాయిగా ఉంటుంది.

ఇన్ని కంపెనీలున్నాయి కదా, చిన్నపిల్లలకు ఏది మంచిది?

వాటర్ స్లయిడ్లు, షోలు, రెస్టారెంట్ల లెక్క పక్కన పెట్టి రెండే విషయాలు చూడండి. డైపర్ పిల్లలు ఆడుకునే నీళ్ల చోటు ఉందా, మూడేళ్ల లోపు పిల్లలను చూసుకునే నర్సరీ ఉందా. ఈ రెండూ తేలితే ఓడ తేలినట్టే.

డిస్నీ ఓడల్లో 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా నర్సరీ ఉంటుంది, గంటకింత అని డబ్బు కట్టాలి. రాయల్ కరీబియన్‌లో చాలా ఓడల్లో 6 నుంచి 36 నెలల పిల్లలకు ఇలాంటిదే ఉంది, కానీ అన్ని ఓడల్లో లేదు, కాబట్టి కంపెనీ పేరు చూసి ఆగిపోకుండా ఓడ పేరు పెట్టి వెతకండి. కార్నివాల్‌లో పిల్లల క్లబ్ 2 ఏళ్ల నుంచే మొదలవుతుంది, డైపర్ వాళ్లే మారుస్తారు, రెండు నిండిన పిల్లలకు ఇది పెద్ద ఊరట. నార్వేజియన్‌లో తల్లిదండ్రులు లేకుండా వదిలే క్లబ్ మూడేళ్లు నిండాకే. ఎమ్‌ఎస్‌సీలో మూడేళ్ల లోపు వాళ్లకు బేబీ క్లబ్ ఉంది, బిడ్డను వదిలి రావడానికి ఏ వేళల్లో కుదురుతుందో ఓడను బట్టి కనుక్కోవాలి.

స్విమ్ డైపర్ (నీళ్లలో దిగేటప్పుడు వేసేది) వేస్తే పూల్‌లో దించొచ్చా?

కుదరదు. అందరూ చివరి నిమిషంలో తెలుసుకుని బాధపడేది ఇక్కడే. అమెరికా రేవులకు వచ్చే ఓడలన్నీ ఆ దేశపు ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల పారిశుధ్య నియమాలు పాటించాలి, వాటి ప్రకారం డైపర్ మానని పిల్లలు పూల్‌లో, హాట్ టబ్‌లో దిగకూడదు, స్విమ్ డైపర్ వేసినా సరే. మిగతా ప్రాంతాల్లో తిరిగే ఓడల్లోనూ ఎక్కువగా ఇదే పద్ధతి.

స్విమ్ డైపర్ గట్టి మలాన్ని కాసేపు ఆపుతుందే తప్ప క్రిములను ఆపలేదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్ కలిపిన నీళ్లలో కూడా రోజుల తరబడి బతుకుతుంది, ఆ నీళ్లు మింగిన పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. ఒక్క బిడ్డ వల్ల పూల్ మురికైనా నీళ్లు శుభ్రం చేసేదాకా మూసెయ్యాల్సిందే. కాబట్టి ఎవరూ చూడట్లేదు కదా అని దించెయ్యొద్దు. పక్కన ఆడుకునేది కూడా ఎవరో ఒకరి బిడ్డే.

మరి నీళ్లాట ఎలా? కొన్ని ఓడల్లో డైపర్ పిల్లల కోసమే విడిగా నీళ్ల చోటు కడతారు. రాయల్ కరీబియన్ కొన్ని ఓడల్లో బేబీ స్ప్లాష్ జోన్ ఉంది, ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో దాన్ని బేబీ బే అంటారు, డిస్నీ ఓడల్లోనూ ఉన్నాయి. అక్కడ స్విమ్ డైపర్ తప్పనిసరి. కార్నివాల్‌లో మాత్రం డైపర్ పిల్లలను ఏ నీళ్ల చోటుకూ రానివ్వరు. మా మొదటి ఓడలో ఇలాంటి చోటు లేదు. పూల్ చూడగానే పాప చేతులు చాచి ఏడ్చింది, ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లిపోయాను, ఆ ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత రోజూ సాయంత్రం షవర్ కింద రెండు ప్లాస్టిక్ గిన్నెలు, ఒక కప్పు ఇచ్చి కూర్చోబెడితే అరగంట కదిలేది కాదు.

మొదటిసారి ఎన్ని రోజులది తీసుకోవాలి?

3 నుంచి 5 రాత్రులు. బిడ్డ కొత్త చోటికి అలవాటు పడడానికి రెండు రోజులు పడుతుంది, అందుకే రెండు రాత్రులదైతే అలవాటయ్యేలోపే దిగిపోతారు. ఎక్కే రేవు మీ ఇంటికి దగ్గరగా ఉంటే ఇంకా మేలు, పది గంటల విమానం దిగి వెంటనే ఓడ ఎక్కితే పెద్దవాళ్లకే ఓపిక ఉండదు.

ఏ క్యాబిన్ తీసుకోవాలి?

ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో ఉన్నది. ముందు భాగం, వెనక భాగం ఎక్కువగా లేచి పడుతుంటాయి, మధ్యలో ఊపు తక్కువ. తర్వాత పైన ఏముంది, కింద ఏముంది అని డెక్ ప్లాన్‌లో, అంటే ఓడ అంతస్తుల పటంలో చూడండి. పూల్ డెక్ కింద గది తీసుకుంటే తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడుకి బిడ్డ లేస్తుంది, థియేటర్‌కో క్లబ్‌కో ఆనుకుని ఉంటే రాత్రి పడుకోదు. పైనా కిందా కూడా గదులే ఉన్న అంతస్తు ఎంచుకోండి. పక్క గదికి తలుపు ఉండే కనెక్టింగ్ క్యాబిన్, అవతల మీవాళ్లు లేకపోతే, వద్దనే చెప్తాను, వాళ్ల మాటలన్నీ వినిపిస్తాయి.

కిటికీ లేని లోపలి గది అంటే మొహం చిట్లిస్తారు గానీ, లైటు ఆపితే పగలు కూడా చీకటే, పిల్లల నిద్రకు అంతకంటే ఏం కావాలి. చిక్కు ఏంటంటే ఎనిమిదికి బిడ్డ పడుకుంటే మీరిద్దరూ చీకట్లో ఫోన్లు పట్టుకుని కూర్చోవాలి. బాల్కనీ ఉంటే ఆ సమయంలో బయట కూర్చోవచ్చు. డబ్బు సరిపోతే నేను బాల్కనీకే ఓటేస్తాను, సరిపోకపోతే లోపలి గది గురించి చింతపడొద్దు. స్నానపు తొట్టి చాలా క్యాబిన్లలో ఉండదు, డిస్నీలో ఎక్కువ గదుల్లో ఉంటుంది. తొట్టి తప్పనిసరి అనుకుంటే ముందే అడగండి.

బాల్కనీ గదిలో చిన్నపిల్లలు ఉంటే ప్రమాదం కాదా?

జాగ్రత్తగా లేకపోతే ప్రమాదమే. అమెరికాలో 2010లో వచ్చిన చట్టం ప్రకారం ఓడ రెయిలింగ్ కనీసం 42 అంగుళాలు, అంటే దాదాపు 107 సెంటీమీటర్లు ఉండాలి, సాధారణంగా కింద దళసరి అద్దం ఉంటుంది. రెండేళ్ల బిడ్డ నేల మీద నిలబడితే పైకి అందదు. అదే బిడ్డ కుర్చీ ఎక్కితే? అందుకే గదిలోకి వెళ్లగానే చేసే మొదటి పని బాల్కనీ కుర్చీలు, బల్ల రెయిలింగ్‌కు దూరంగా జరపడం, లేదా గది చూసే సిబ్బందికి చెప్పి తీయించెయ్యడం. తలుపు గడియ చాలా ఓడల్లో ఎత్తుగా ఉంటుంది, గదిలో ఉన్నంతసేపూ వేసే ఉంచండి. పెద్దవాళ్లు లేకుండా బిడ్డ బాల్కనీలో ఒక్క క్షణం కూడా ఉండకూడదు. ఫోటో కోసం ఎత్తుకుని రెయిలింగ్ మీద కూర్చోబెట్టడం, పై డెక్‌లో కిటికీ అంచున నిలబెట్టడం అస్సలు వద్దు. అద్దం ఉందనుకున్న చోట కిటికీ తెరిచి ఉండొచ్చు.

ఇంత చిన్న బిడ్డకు కూడా టికెట్ కొనాలా?

కొనాలి. విమానంలోలాగా ఒళ్లో కూర్చోబెట్టుకునే లెక్క ఓడలో లేదు. లైఫ్ బోట్‌లో ప్రతి ప్రాణికీ చోటు ఉండాలి కాబట్టి ఆరు నెలల బిడ్డ అయినా ఒక ప్రయాణికురాలే, గదిలో ఎంతమంది ఉండొచ్చనే లెక్కలోకి కూడా వస్తుంది. ఇద్దరు పెద్దవాళ్లతో ఉంటే మూడో మనిషి రేటు తగ్గుతుంది, ఆఫర్లలో కొన్నిసార్లు పిల్లల ఛార్జీ తీసేస్తారు, అయినా పన్నులు, రేవు రుసుములు కట్టాలి. సిబ్బందికి ఇచ్చే టిప్పు పిల్లలకు కూడా వేస్తారా లేదా అన్నది ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది.

పాస్‌పోర్ట్, వీసా సంగతేంటి?

బిడ్డకు సొంత పాస్‌పోర్ట్ తీయించండి. ఓడ ఆగే ప్రతి దేశానికీ మీ పాస్‌పోర్ట్ మీద వీసా కావాలో లేదో చూసుకోండి, మేం అక్కడ దిగం అన్నా కొన్ని చోట్ల వీసా అడుగుతారు. ఒక దేశం నుంచి బయటికి వెళ్లి మళ్లీ అక్కడికే వచ్చి దిగేట్టయితే సింగిల్ ఎంట్రీ వీసా సరిపోదు, మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. యూరప్‌లో ఒకే వీసాతో తిరిగే షెంగెన్ దేశాల నుంచి మధ్యలో బయట దేశానికి వెళ్లొచ్చే మార్గాల్లో ఈ పొరపాటు జరుగుతుంది. తల్లో తండ్రో ఒక్కరే తీసుకెళ్తున్నా, తాతయ్య అమ్మమ్మలతో పంపుతున్నా, వెళ్లని వాళ్ల అనుమతి పత్రం నోటరీ చేయించి, జనన ధ్రువపత్రంతో పాటు వెంట ఉంచండి.

## సర్దుకునేటప్పుడు

డైపర్లు, పాలపొడి ఓడలో దొరుకుతాయా?

దొరకవనే అనుకుని సర్దండి. దొరికినా మీ బిడ్డ సైజు ఉండకపోవచ్చు, ధర మాత్రం ఎక్కువే ఉంటుంది. రోజుకు ఎన్ని వాడతారో లెక్కేసి, విరేచనాలు పట్టుకుంటే పనికొచ్చేలా రెండు రోజుల లెక్క అదనంగా పెట్టండి. వెళ్లేటప్పుడు సగం పెట్టె డైపర్లే ఉంటాయి, వచ్చేటప్పుడు ఆ చోటు కొన్న వస్తువులకు పనికొస్తుంది. పాలపొడి అలవాటైన బ్రాండే, సీలు తీయని డబ్బా తీసుకెళ్లండి. తడి తుడుపులు, వాడిన డైపర్లు చుట్టడానికి చిన్న కవర్లు కూడా. తుడుపులు గానీ డైపర్లు గానీ టాయిలెట్‌లో వెయ్యకండి. ఓడలో టాయిలెట్లు గాలి పీల్చే పద్ధతిలో పనిచేస్తాయి, ఒకటి మూసుకుపోతే పక్క గదులవాళ్లకు కూడా ఇబ్బంది.

స్ట్రోలర్ తీసుకెళ్లాలా, ఎత్తుకుని తిరగొచ్చా?

చిన్నగా మడిచే తేలికపాటి స్ట్రోలర్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి. ఓడ చాలా పొడవుంటుంది, ఈ చివర గది ఆ చివర భోజనం అయితే నిద్రమత్తులో ఉన్న పిల్లలను మోయడం నడుములకు పరీక్షే. పెద్ద స్ట్రోలర్ మాత్రం క్యాబిన్ తలుపులో పట్టకపోవచ్చు, బయట కారిడార్‌లో పెట్టనివ్వరు, నిప్పంటుకున్నప్పుడు జనం పరుగెత్తే దారి అది. రేవుల్లో రాళ్లు పరిచిన వీధులు, మెట్లు ఉంటే ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ బాగా పనికొస్తుంది.

కెటిల్, బాటిల్ వార్మర్ పట్టుకెళ్లొచ్చా?

వేడెక్కే పరికరాలు చాలా ఓడల్లో నిషేధం, కెటిల్, ఇస్త్రీపెట్టె సెక్యూరిటీలో తీసేసుకుని దిగేటప్పుడు ఇస్తారు. స్టెరిలైజర్ గురించి ముందే రాసి అడిగి, వాళ్ల జవాబు ఫోన్‌లో ఉంచుకోండి. వేడినీళ్లు బఫేలో ఎప్పుడూ ఉంటాయి, ఫ్లాస్క్‌లో తెచ్చుకుని, మగ్గులో పోసి పాల సీసా అందులో ఉంచితే సరిపోతుంది. సీసాలు కడగడానికి బ్రష్, చిన్న డబ్బాలో సబ్బు తీసుకెళ్లండి. గదిలో ఫ్రిజ్ చాలావాటిలో పానీయాలను చల్లగా ఉంచేదే, ఇంట్లో ఫ్రిజ్‌లాంటిది కాదు, తల్లిపాలు నిల్వ చేయాలంటే మెడికల్ ఫ్రిజ్ కావాలని ముందే అడగండి. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు కూడా రానివ్వరు.

పడుకోవడానికి తొట్టి ఇస్తారా?

మడత తొట్టి ఉచితంగా ఇస్తారు, కానీ లెక్కకు కొన్నే ఉంటాయి కాబట్టి బుక్ చేసిన రోజే అడిగి రాయించుకోండి. అది పరిస్తే గదిలో నడిచే చోటు ఇంచుమించు ఉండదు. ఇంట్లో వాడే దుప్పటి ఒకటి తీసుకెళ్తే ఆ వాసనకి త్వరగా నిద్రపోతారు, మా పాప విషయంలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అదే.

మందులు, టీకాలు ఏం చూసుకోవాలి?

బయల్దేరడానికి నెల ముందే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. విదేశీ ప్రయాణం అంటే 6 నుంచి 11 నెలల పిల్లలకు తట్టు టీకా ఒక డోసు ముందుగానే వేయించమని సీడీసీ చెబుతుంది. జ్వరం మందు బరువును బట్టి ఎంత పోయాలో కాగితం మీద రాయించుకోండి, రాత్రి రెండింటికి నిద్రమత్తులో లెక్కలు వెయ్యలేరు. థర్మామీటర్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, డైపర్ దద్దుర్లకు క్రీమ్, బిడ్డ రోజూ వాడే మందులు, అన్నీ చేతి సంచిలోనే ఉండాలి.

## ఎక్కే రోజు

ఎన్ని గంటలకు వెళ్లాలి? చేతి సంచిలో ఏం పెట్టుకోవాలి?

విమానంలో వెళ్తుంటే ఒక రోజు ముందే ఆ ఊరు చేరండి, విమానం ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. రేవు దగ్గర పెద్ద పెట్టెలు ఇచ్చేస్తాం, అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు, క్యాబిన్లు కూడా మధ్యాహ్నం దాకా తెరవరు. అంటే ఐదారు గంటలు చేతిలో ఉన్న సంచితోనే గడవాలి. డైపర్లు, రెండు జతల బట్టలు, పాలు, చిరుతిండి, మందులు, టోపీ, స్విమ్ డైపర్, పాస్‌పోర్ట్‌లు అందులో పెట్టుకోండి. నేను మొదటిసారి పాల సీసాలు పెద్ద పెట్టెలో పెట్టేశాను, అది వచ్చేదాకా పాపను ఊరుకోబెట్టలేక నాకూ ఏడుపొచ్చింది. ఎక్కే సమయం ఎంచుకునే వీలుంటే బిడ్డ మధ్యాహ్నం నిద్ర అయ్యాక వచ్చేలా చూసుకోండి.

మస్టర్ డ్రిల్ అంటే ఏంటి, బిడ్డ ఏడిస్తే మానేయొచ్చా?

మానకూడదు. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో నేర్పే కసరత్తు అది. 2012 జనవరి 13న ఇటలీలోని జిగ్లియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు, ఆ రోజే ఎక్కినవాళ్లకు అప్పటికి డ్రిల్ జరగలేదు. ఆ తర్వాత, ఓడ కదిలే ముందో కదలగానే వెంటనేనో డ్రిల్ జరగాలని అంతర్జాతీయ నియమం మార్చారు, 2015 నుంచి అది అమల్లో ఉంది. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్‌లో వీడియో చూసి, మీ చోటుకు వెళ్లి హాజరు వేయించుకుంటే అయిపోతుంది. అక్కడ బిడ్డ చేతికి మీ మస్టర్ స్టేషన్ (ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటు) రాసి ఉండే పట్టీ కడితే తీసేయకండి. గదిలో బిడ్డ సైజు లైఫ్ జాకెట్ ఉందో లేదో ఎక్కగానే చూసి, లేకపోతే అప్పుడే అడగండి.

ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత, ఇది ప్రమాద సంకేతం. ఆ శబ్దానికీ, ఓడ బయల్దేరేటప్పుడు కొట్టే హారన్‌కీ పిల్లలు బెదిరిపోతారు. బయల్దేరే వేళకు పై డెక్‌లో హారన్‌కు దూరంగా నిలబడండి, చెవులు మూసే హెడ్‌ఫోన్ ఉంటే పెట్టండి.

## ఓడలో రోజులు

మా బిడ్డ అన్నీ తినదు, అక్కడ ఏం పెట్టాలి?

బఫేలో ఏదో ఒకటి దొరుకుతుంది, అన్నం, ఉడికించిన కూరగాయలు, గుడ్లు, పండ్లు, పెరుగు, బ్రెడ్, పాలు ఇంచుమించు ప్రతి ఓడలో ఉంటాయి. మెత్తగా చేసి ఇమ్మంటే వంటగదిలో చేసిస్తారు, మొదటి రాత్రే మీ టేబుల్ చూసే వెయిటర్‌కు చెప్పిపెట్టండి. అలర్జీ ఉంటే బుక్ చేసేటప్పుడే రాయించి, ఓడలో మళ్లీ చెప్పండి. రాత్రి భోజనానికి ముందు వేళ తీసుకోండి, సాధారణంగా అయిదున్నర, ఆరు ప్రాంతంలో ఉంటుంది, ఎనిమిది దాటిన వేళ ఈ వయసువాళ్లతో కుదరదు. రెస్టారెంట్‌లో గంటన్నర కూర్చోలేకపోతే ఒకరు బిడ్డతో డెక్ మీద తిరుగుతూ ఇంకొకరు తిని, తర్వాత మారండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నిద్ర పాడవుతుందా?

మొదటి రెండు రాత్రులు పాడవుతుంది, తర్వాత చాలామంది ఇంట్లో కంటే బాగా నిద్రపోతారు. ఇంజిన్ సన్నని మోత, మెల్లటి ఊపు కలిసి ఉయ్యాలలాగే ఉంటుంది. స్నానం, పాలు, కథ ఇంట్లో ఏ వరసలో చేస్తారో అదే వరస అక్కడ కూడా నడపండి. మధ్యాహ్నం నిద్ర మాత్రం ఏ షో కోసమూ తప్పించొద్దు. పడుకోబెట్టి, మానిటర్ పెట్టి పక్క హాల్‌కు వెళ్దాం అనే ఆలోచన మానేయండి, ఇనుప గోడల వల్ల మానిటర్ సరిగా పనిచేయదు, అన్నిటికీ మించి, బిడ్డను గదిలో ఒంటరిగా వదలకూడదు.

నర్సరీలో వదిలితే బెంగ పడదా?

మొదట పడుతుంది. మొదటి రోజు అరగంట మీరు కూడా ఉండి బొమ్మలు చూపించి, రెండో రోజు గంట వదిలి చూడండి. గంటలు ముందే బుక్ చేసుకోవాలి, సాయంత్రం వేళలు ఎక్కిన రోజే నిండిపోతాయి. ఏడుపు ఆపకపోతే పిలుస్తారు, వెంటనే వెళ్లి తెచ్చుకోండి. పట్టుబట్టి అలవాటు చేయించడానికి వారం ప్రయాణం సరైన చోటు కాదు. ముక్కు కారుతున్నా, విరేచనాలు అవుతున్నా వదలొద్దు.

ఓడ ఊగితే వాంతులు అవుతాయా?

రెండేళ్ల లోపు పిల్లలకు ఊపు వల్ల కడుపులో తిప్పడం అరుదు, రెండు నుంచి 12 ఏళ్ల మధ్య ఎక్కువ. పెద్ద ఓడల పక్కల నీళ్లలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, అవి పక్కలకు ఒరగడాన్ని బాగా తగ్గిస్తాయి. అలాస్కా ఇన్‌సైడ్ పాసేజ్, నార్వే ఫ్యోర్డుల్లో చుట్టూ కొండలు ఉండటం వల్ల నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. బిస్కే అఖాతం, నడి అట్లాంటిక్ అలా కాదు. కరీబియన్ వైపు తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, అప్పుడు ఓడ దారి మార్చడం మామూలే.

తిప్పుతున్నట్టుంటే మధ్య అంతస్తులో గాలి తగిలే చోట కూర్చుని దూరంగా సముద్రం అంచు చూపించండి, కొంచెం కొంచెంగా పొడి తిండి పెట్టండి. మందుల దగ్గర ప్రయోగాలు వద్దు. డైమెన్‌హైడ్రినేట్ రెండేళ్ల లోపు వాళ్లకు డాక్టర్ చెప్పనిదే ఇవ్వకూడదు, ప్రోమెథజైన్ రెండేళ్ల లోపు పిల్లలకు అసలే కూడదు, ఊపిరి ప్రమాదకరంగా మందగించవచ్చు. పెద్దవాళ్లు చెవి వెనక పెట్టుకునే ప్యాచ్ పిల్లలకు వద్దే వద్దు.

రోజంతా ఏం చేయిస్తాం, విసుగు రాదా?

ఈ వయసు పిల్లలకు లిఫ్ట్ కూడా వింతే. కారిడార్ పొడుగునా పరుగెత్తడం, సంగీతం మోగే హాల్‌లో పగటిపూట గెంతడం, సముద్రం చూస్తూ పండు తినడం, ఇవే వాళ్లకు క్రూజ్. ఎండ ముదరకముందే డెక్ మీదకు వెళ్లండి, ఎనిమిదింటికి పైన జనం ఉండరు. మధ్యాహ్నం డెక్ నేల కాలుతుంది, చెప్పులు, టోపీ, చేతులు నిండా ఉండే ఈత బట్టలు వేయండి. నీళ్ల దగ్గర లైఫ్ గార్డ్ ఉన్నా లేకపోయినా మీ చెయ్యి అందేంత దూరంలోనే బిడ్డ ఉండాలి, ఫోన్ లోపల పెట్టెయ్యండి.

బట్టలు ఉతుక్కోవచ్చా?

కార్నివాల్, డిస్నీ, ప్రిన్సెస్ వాళ్ల చాలా ఓడల్లో నాణేలో కార్డో వేసి మనమే ఉతుక్కునే మెషీన్లు ఉంటాయి. రాయల్ కరీబియన్‌లో లేవు, సంచిలో వేసి ఇస్తే ఉతికిస్తారు. చిన్నవి షవర్‌లో ఉతికి, అక్కడే ఉండే లాగుడు తాడు మీద ఆరేయొచ్చు.

## రేవుల్లో దిగినప్పుడు

ప్రతి రేవులోనూ దిగాలా?

అక్కర్లేదు. రేవు రోజు అందరూ దిగిపోతే ఓడ ఖాళీ అవుతుంది, పిల్లల నీళ్ల చోటు, బఫే అన్నీ మీకే. వారం ప్రయాణంలో నాలుగు రేవులుంటే రెండు దిగితే చాలని నా అభిప్రాయం. దిగినప్పుడు కూడా ఎనిమిది గంటల బస్సు టూర్ వద్దు, దగ్గరలో ఉన్న పార్కో బీచో అక్వేరియమో చూసి మధ్యాహ్నం నిద్రకు ఓడకు వచ్చేయండి. బీచ్‌లో డైపర్ నియమాలు ఉండవు కాబట్టి పూల్ లేని లోటు అక్కడ తీరుతుంది.

టెండర్ రేవు అంటే ఏంటి?

ఓడ ఒడ్డుకు ఆనకుండా సముద్రంలోనే లంగరు వేస్తుంది, చిన్న పడవల్లో ఒడ్డుకు తీసుకెళ్తారు. ఆ పడవే టెండర్. గ్రాండ్ కేమన్, శాంటోరిని ఇలాంటివే. స్ట్రోలర్ మడిచి పట్టుకోవాలి, అలలుంటే పడవలోకి అడుగు పెట్టేటప్పుడు ఊగుతుంది, కాబట్టి బిడ్డను క్యారియర్‌లో కట్టుకుని రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. శాంటోరినిలో దిగాక పైకి వెళ్లడానికి కేబుల్ కార్ క్యూ కూడా ఉంటుంది, ఎండలో చాలాసేపు నిలబడాలి. అలలు ఎక్కువైతే ఆ రేవు రద్దు చేస్తారు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ట్యాక్సీలో కార్ సీట్ ఉంటుందా? ఆలస్యమైతే?

చాలా చోట్ల ఉండదు. నడిచి వెళ్లే చోట్లే ఎంచుకోవడం, లేదా తేలికైన సీటు వెంట తెచ్చుకోవడం ఉత్తమం. ఇక సమయం, ఓడ గడియారం ఒడ్డు మీద గడియారంతో కలవకపోవచ్చు, అందుకని దిగే ముందు ఓడ సమయం చేతి వాచీలో పెట్టుకుని, చెప్పిన వేళకు కనీసం గంట ముందు తిరిగి రండి. బిడ్డ ఏ క్షణంలో మొండికేస్తుందో చెప్పలేం, ఆ గంట దానికోసమే. ఓడలో పండ్లు, మాంసం ఒడ్డుకు పట్టుకెళ్లడం చాలా దేశాల్లో నిషేధం, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మరీ గట్టిగా పట్టుకుంటారు, స్ట్రోలర్ జేబులో మర్చిపోయిన అరటిపండు కూడా తీసేయండి.

## జబ్బు చేస్తే

జ్వరం వస్తే ఓడలో డాక్టర్ ఉంటారా?

డాక్టర్, నర్సులు ఉంటారు, రాత్రి కూడా పిలవొచ్చు, కానీ పిల్లల స్పెషలిస్టు సాధారణంగా ఉండరు. జ్వరం, చెవినొప్పి, దెబ్బలు, నీరసం లాంటివి చూసి మందులిస్తారు, పరిస్థితి పెద్దదైతే తర్వాతి రేవులో ఆసుపత్రికి పంపిస్తారు, మరీ అవసరమైతే హెలికాప్టర్. ఆ ఖర్చంతా మీ ఖాతాలోనే పడుతుంది, ఇంట్లో ఉన్న ఆరోగ్య బీమా సముద్రం మీద పనిచేయకపోవచ్చు. కాబట్టి వైద్య తరలింపు కూడా ఉన్న ప్రయాణ బీమా తీసుకోకుండా చిన్నపిల్లలతో ఓడ ఎక్కొద్దు, దీనికి మినహాయింపు లేదు.

అందరూ భయపెడుతున్న నోరోవైరస్ సంగతి?

వాంతులు, విరేచనాలు తెప్పించే వైరస్ అది, సోకిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది, ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుంది. ఒకే చోట తిని, ఒకే రెయిలింగ్ పట్టుకునే జనంలో వేగంగా పాకుతుంది. శానిటైజర్ దీని మీద బాగా పనిచేయదు, సబ్బు నీళ్లతో 20 సెకన్లు రుద్ది కడగాలి. బఫేకు వెళ్లే ముందు, డైపర్ మార్చాక, ఆటల చోటు నుంచి రాగానే మీ చేతులు, బిడ్డ చేతులు రెండూ కడగండి. నోట్లో పెట్టుకునే బొమ్మలు సొంతవే వాడండి.

వచ్చేస్తే దాచకండి. మెడికల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే గదిలోనే ఉండమంటారు, బాధగానే ఉంటుంది, కానీ అవతల వేలమంది ఉన్నారు. ఓఆర్‌ఎస్ చెంచా చెంచాగా పడుతూ ఉండండి. మూత్రం బాగా తగ్గినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మగతగా పడి ఉన్నా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.

## దిగే రోజు

చివరి రోజు ఏం గుర్తుంచుకోవాలి?

ముందు రాత్రే పెద్ద పెట్టెలు గది బయట పెట్టమంటారు. అన్నీ సర్దేసి, పొద్దున బిడ్డకు వేయడానికి బట్టలు లేక తువ్వాలు చుట్టిన వాళ్లను చూశాను. పొద్దుటి బట్టలు, చెప్పులు, డైపర్లు, పాలు విడిగా తీసి ఉంచండి. పెట్టెలు మనమే మోసుకోగలిగితే ముందుగానే దిగొచ్చు, పిల్లలతో అది కష్టం, మెల్లగా టిఫిన్ తిని చివరి గుంపులో దిగడమే నయం. తిరుగు విమానం మధ్యాహ్నం దాటాక ఉండేలా తీసుకోండి. దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టు అనిపించొచ్చు, మా పాప ఇంటికొచ్చిన రోజు గోడ పట్టుకుని నడిచింది, మర్నాటికి సర్దుకుంది.